గుంటూరు నల్లరేగడిలో అమ్మోనియా కంప్రెసర్‌కు ఫౌండేషన్ దిమ్మ: బరువు లెక్క ఒక్కటే ఎందుకు చాలదు

మీరు అడిగినది ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. గుంటూరు శివారులో, చిలకలూరిపేట వైపు, మిర్చి నిల్వకు కోల్డ్ స్టోరేజీ కడుతున్నారు. అమ్మోనియా కంప్రెసరు, దాన్ని వీ-బెల్టులతో తిప్పే మోటారు, రెండింటి కింద ఉండే ఇనుప బేస్ ఫ్రేము కలిపి 4.5 టన్నులు. కంప్రెసర్ వేగం నిమిషానికి 750 చుట్లు, మోటారు వేగం 1,480 చుట్లు. తయారీదారు ఇచ్చిన కాగితంలో నిలువు దిశలో ప్రాథమిక అసమతుల్య బలం 12 కిలోన్యూటన్లు, ద్వితీయ బలం 4 కిలోన్యూటన్లు అని ఉంది. బోరు వేయిస్తే పైన రెండు మీటర్లు నల్లరేగడి, దాని కింద గట్టి గ్రావెల్, ఇంకా కింద శిథిల శిల తగిలాయి. కాంట్రాక్టరు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతుతో దిమ్మ వేస్తానన్నారు; మిషను బరువుకు నాలుగు రెట్లు కాంక్రీటు ఉంటే చాలునని ఆయన మాట. అది చాలుతుందా, చాలకపోతే లోతు ఇంకో రెండడుగులు పెంచితే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

ఆ దిమ్మ వద్దు. దాని లోతు పెంచడం అసలే వద్దు. ఎందుకో లెక్కతో సహా చెబుతాను, ఎందుకంటే కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు మీ చేతిలో లెక్క ఉండాలి.

బరువుకు ఇన్ని రెట్లు అనే సూత్రం తప్పుడుది కాదు. ఫ్యాను, పంపు వంటి తిరిగే యంత్రాలకు మూడు రెట్లు, పిస్టన్ యంత్రాలకు ఐదు రెట్లు అని మొదటి కొలతలు ఊహించుకోవడానికి ఇంజనీర్లు ఎంతోకాలంగా వాడుతున్నదే. అయితే ఆ సూత్రంలో నేల ప్రస్తావనే లేదు, యంత్రం వేగం ప్రస్తావనా లేదు. మిషను, దిమ్మ, వాటి కింద కొంత లోతు వరకు ఉన్న మట్టి కలిసి ఒకే వ్యవస్థ. అందులో కాంక్రీటు బరువు, మట్టి స్ప్రింగు. ఆ వ్యవస్థకు తనదైన ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది, అంటే ఒకసారి కదిపి వదిలితే తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె. యంత్రం తోపుడు దానికి దగ్గరగా వస్తే, చిన్న బలం కూడా పెద్ద ఊపు పుట్టిస్తుంది. దీన్నే అనునాదం అంటారు. కాబట్టి దిమ్మ ఎంత బరువు ఉంది అన్నది కాదు ప్రశ్న, ఆ బరువును ఆ మట్టి మీద పెడితే సహజ పౌనఃపున్యం ఎక్కడ పడుతుంది అన్నది ప్రశ్న.

ముందు యంత్రం వైపు చూద్దాం. నిమిషానికి 750 చుట్లంటే సెకనుకు 12.5, అంటే 12.5 హెర్ట్జ్. ప్రాథమిక బలం తోసేది ఈ వేగంతోనే. పిస్టన్ యంత్రంలో దీనికి రెట్టింపు, అంటే 25 హెర్ట్జ్ వద్ద కూడా ఒక బలం ఉంటుంది. కనెక్టింగ్ రాడ్డు పొడవు పరిమితం కనుక పిస్టన్ కదలిక పూర్తి సమతూకంతో సాగదు, ఆ తేడా నుంచే ఈ ద్వితీయ బలం పుడుతుంది. మీ మోటారు 1,480 చుట్లు అంటే 24.7 హెర్ట్జ్. దాని రోటారులో ఏ కొంచెం అసమతూకం ఉన్నా అదీ 25 దగ్గరే పడుతుంది. కాబట్టి మనం దూరంగా ఉండవలసిన చోట్లు రెండు: 12.5, 25. సహజ పౌనఃపున్యం వీటికి కనీసం 20 శాతం ఎడంగా, వీలైతే 30, 40 శాతం ఎడంగా ఉండేలా చూసుకోవడం మంచి పద్ధతి.

ఇక నేల వైపు. సోవియట్ ఇంజనీరు బర్కాన్ చూపిన దారిలో, మన దేశంలో భారత ప్రమాణం (ఐ.ఎస్.) 5249 ప్రకారం చేసే పరీక్షలోనూ, నేల స్ప్రింగు బిగువును ఒక గుణకంతో కొలుస్తారు. దాన్ని సులువుగా ఇలా చెప్పుకోవచ్చు: ఒక చదరపు మీటరు మేర నేలను ఒక మిల్లీమీటరు కిందికి నొక్కడానికి ఎన్ని టన్నులు కావాలి? పది చదరపు మీటర్ల దిమ్మకు మెత్తని నేలల్లో ఈ అంకె 3 టన్నుల దాకా, మధ్యస్థ నేలల్లో 3 నుంచి 5, గట్టి గ్రావెల్ వంటి నేలల్లో 5 నుంచి 10, రాతి మీద అంతకు పైన ఉంటుంది. దిమ్మ వైశాల్యం పది చదరపు మీటర్ల కంటే తక్కువైతే వైశాల్యాల నిష్పత్తి వర్గమూలం మేరకు ఈ అంకె పెరుగుతుంది.

ఎండిన నల్లరేగడికి 3 టన్నులు తీసుకుందాం. మీ కాంట్రాక్టరు దిమ్మ అడుగు 6 చదరపు మీటర్లు, కాబట్టి సవరణ తర్వాత 3.9 టన్నులు, మొత్తం దిమ్మను ఒక మిల్లీమీటరు దించడానికి సుమారు 23 టన్నులు. కాంక్రీటు 18 టన్నులు, మిషను 4.5, కలిపి 22.5 టన్నులు. ఈ అంకెలతో నిలువు దిశలో సహజ పౌనఃపున్యం 16.2 హెర్ట్జ్ వస్తుంది. యంత్రం 12.5 వద్ద నడుస్తుంది కనుక దాదాపు 30 శాతం ఎడం ఉన్నట్టే, కాగితం మీద పరవాలేదనిపిస్తుంది.

అయితే అది వేసవి లెక్క. నల్లరేగడి తడిస్తే మెత్తబడుతుంది. బిగువు సగానికి పడిందనుకుంటే సహజ పౌనఃపున్యం 11.5 హెర్ట్జ్‌కు దిగుతుంది. అంటే వేసవిలో 16.2, వానాకాలం చివర 11.5, మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు సరిగ్గా 12.5 మీదుగా వెళ్లక తప్పదు. ఆ రోజుల్లో, మట్టి కంపనాన్ని మింగే శక్తిని 10 శాతం అవమందనంగా తీసుకున్నా, మీ 12 కిలోన్యూటన్ల బలం దిమ్మను 0.4 మిల్లీమీటర్లకు పైగా ఊపుతుంది. పిస్టన్ యంత్రాల పునాదులకు సంబంధించిన ఐ.ఎస్. 2974 మొదటి భాగం అనుమతించే హద్దు 0.2 మిల్లీమీటర్లు, తయారీదారు చెప్పిన హద్దు అంతకంటే తక్కువైతే అదే వర్తిస్తుంది.

మన ప్రాంతంలో ఇది ప్రత్యేకంగా ఎందుకు మోసం చేస్తుందంటే, మిర్చి రాక ఫిబ్రవరిలో ఊపందుకుంటుంది కాబట్టి కోల్డ్ స్టోరేజీల యంత్రాలను ఆ నెలలకల్లా సిద్ధం చేస్తారు. అప్పుడు నేల ఎండి, బీటలు వేసి, గట్టిగా ఉంటుంది. ట్రయల్ రన్ చక్కగా నడుస్తుంది, బిల్లు చెల్లిస్తారు, కాంట్రాక్టరు వెళ్లిపోతారు. సెప్టెంబరు, అక్టోబరులలో కంపనం మొదలైతే మిషనులో లోపం వచ్చిందనుకుని బేరింగులు మారుస్తారు. లోపం బేరింగులో లేదు, దిమ్మ కింద ఉంది.

వానే రావాలని కూడా లేదు. ఒక కోల్డ్ స్టోరేజీలో నేను చూసిన దిమ్మకు ఒక పక్క మాత్రమే నేల మెత్తబడి ఉంది. కండెన్సరు మీద నుంచి జారిన నీరు తొట్టి అంచు దాటి, కంప్రెసర్ గది గోడ వెంట ఏడాది పొడవునా ఇంకుతోంది. దిమ్మకు, గచ్చుకు మధ్య సన్నని గీత పొడవునా సిమెంటు పొడి రాలి ఉంది. ఆ పక్కన ఉన్న రెండు బోల్టుల నట్ల కింద ఎర్రటి తుప్పు పొడి చేరింది, అటువైపు రెండింటి కింద లేదు. నట్టు కింద అలాంటి పొడి కనబడితే ఆ జాయింటు ప్రతి చుట్టుకూ కదులుతోందని అర్థం. అలాంటి కదలిక పైపుల దాకా వెళ్తే ఫ్లాంజి, వెల్డింగ్ జాయింట్లు అలసిపోతాయి. లోపల ఉన్నది అమ్మోనియా, చుట్టూ హమాలీలు పనిచేస్తుంటారు. పునాదిని పొదుపు చేసే చోటుగా చూడవద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. లోతును రెండడుగులు పెంచితే దిమ్మ 27 టన్నులవుతుంది, మొత్తం 31.5 టన్నులు. అడుగు మారలేదు కనుక స్ప్రింగు అదే, బరువు మాత్రమే పెరిగింది. ఫలితంగా ఎండు నేలలోనే సహజ పౌనఃపున్యం 16.2 నుంచి 13.7కు పడుతుంది. అంటే అదనపు కాంక్రీటుకు డబ్బు పెట్టి అనునాదానికి ఇంకా దగ్గరయ్యారన్నమాట. ఇప్పుడు 12.5ను చేరడానికి వానాకాలం అంతా అక్కరలేదు, ఒక్క మంచి వాన చాలు.

ఇంకో సంగతి. కాంట్రాక్టరు దిమ్మ నేల మీద మోపే భారం చదరపు మీటరుకు 3.75 టన్నులే. నల్లరేగడి దాన్ని సులువుగా మోస్తుంది. ఐ.ఎస్. 2974 కోరినట్టు మోసే శక్తిలో 80 శాతానికే పరిమితమైనా ఇబ్బంది లేదు. అందుకే ఆయనకు ధైర్యంగా ఉంది. కానీ తేమ తగిలిన నల్లరేగడి పైకి నెట్టే ఉబ్బుడు ఒత్తిడి ఈ 3.75 టన్నులకు ఎన్నో రెట్లు ఉండగలదు. ఒక పక్క తడిస్తే ఆ పక్క దిమ్మ లేస్తుంది. కొద్ది మిల్లీమీటర్ల వాలు వచ్చినా యంత్రం మట్టం చెడుతుంది, దిమ్మకు బిగించని పైపుల మీద లాగుడు పడుతుంది. ఇక్కడ మునగడం కంటే లేవడమే ఎక్కువ భయం.

మరి ఏం చేయాలి? చాలామంది వెంటనే చెప్పేది, అడుగు వెడల్పు చేసి, కింద ఒక మీటరు మట్టి తీసి గ్రావెల్ నింపమని. ఆ లెక్కా చూద్దాం. దిమ్మ 4 మీటర్లు, 3 మీటర్లు, లోతు 1.2 మీటర్లే ఉంచి, మట్టి మార్చాక గుణకం 5 టన్నులకు పెరిగిందనుకుందాం. కాంక్రీటు 36 టన్నులు, మొత్తం 40.5. నిలువు పౌనఃపున్యం 19.4 హెర్ట్జ్. 12.5కు 55 శాతం పైన, 25కు 22 శాతం కింద. చాలా చోట్ల డిజైను ఇక్కడితో ఆగిపోతుంది, డ్రాయింగు మీద సంతకం పడుతుంది.

ఆగకూడదు. దిమ్మ కిందికీ పైకీ మాత్రమే కదలదు. పక్కకు జరుగుతుంది, ఊగుతుంది కూడా. ఈ రెండూ విడివిడిగా జరగవు. దిమ్మ, మిషను కలిసిన గరిమనాభి అడుగుకు పైన ఉంటుంది కాబట్టి పక్కకు తోస్తే ఊగుతుంది, ఊగితే పక్కకు జరుగుతుంది. సిలిండర్ల అమరిక వల్ల నిలువు బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్న యంత్రంలో కూడా వాటి మధ్య దూరం వల్ల ఒక బలయుగ్మం (ఎదురెదురు దిశల్లో తోసి మెలితిప్పే బలాల జంట) మిగిలి, దిమ్మను ఊపుతూనే ఉంటుంది. జారుడు బిగువును నిలువు గుణకంలో సగంగా, ఊగుడు బిగువును రెట్టింపుగా, క్రాంక్ షాఫ్టు ఎత్తును దిమ్మ పైనుంచి 0.9 మీటర్లుగా, మిషను బరువంతా ఆ ఎత్తులోనే ఉన్నట్టుగా తీసుకుని 3 మీటర్ల వెడల్పు దిశలో లెక్కించాను. జారుడు విడిగా 13.7, ఊగుడు విడిగా 18.9, రెండూ కలిసిన రూపంలో 12.2, 26.8 హెర్ట్జ్. చూడండి: ఒకటి 12.5 పక్కన, మరొకటి 25 పక్కన. నిలువు లెక్కలో అంత చక్కగా కుదిరిన దిమ్మ అడ్డ లెక్కలో రెండు చోట్లా పట్టుబడింది. కాంట్రాక్టరు ఎవరైనా ఇలా నిలువు లెక్క ఒక్కటే చూపిస్తే కాగితం వెనక్కి ఇచ్చేయండి.

నేను సూచించేది ఇది. మీ అదృష్టం కొద్దీ రెండు మీటర్ల కిందే గట్టి గ్రావెల్ ఉంది. ఆ గ్రావెల్ తగిలేదాకా నల్లరేగడిని పూర్తిగా తీసేయండి. దిమ్మను 4 మీటర్లు, 3 మీటర్లు ఉంచి, లోతును 0.9 మీటర్లకు తగ్గించండి. దిమ్మ అడుగు నుంచి గ్రావెల్ దాకా ఉండే ఖాళీని సిమెంటు కలిపిన వెట్‌మిక్సుతో (తగినంత నీటితో కలిపిన కంకర, రాతిపొడి మిశ్రమం) పొరలు పొరలుగా నింపి కుదించండి. గుణకం 10 టన్నులు వస్తే కాంక్రీటు 27 టన్నులు, మొత్తం 31.5 టన్నుల మీద నిలువు పౌనఃపున్యం 31.1, జారుడు, ఊగుడు కలిసిన రూపాలు 20.2, 43.1 హెర్ట్జ్. అంటే 12.5కు అన్నీ కనీసం 60 శాతం పైన, 25కు రెండు వైపులా సుమారు 20 శాతం ఎడంగా ఉంటాయి. నిలువు కదలిక ప్రాథమిక బలం వల్ల 12 మైక్రాన్లు, ద్వితీయ బలం వల్ల 9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కలిపినా 200 మైక్రాన్ల హద్దుకు చాలా లోపల.

గుణకం 10 రాక 8 దగ్గరే ఆగితే? అన్ని పౌనఃపున్యాలూ పదో వంతు తగ్గుతాయి. నిలువుది 27.8కు దిగి 25కు దగ్గరవుతుంది. ఎడం తగ్గింది కనుక అప్పుడు కదలికను చూడాలి: ద్వితీయ బలం వల్ల 22, ప్రాథమిక బలం వల్ల 16, మొత్తం 38 మైక్రాన్లు. అవమందనాన్ని లెక్కలోకి తీసుకోకుండా వచ్చిన అంకెలివి, నిజంగా అంతకంటే తక్కువే ఉంటాయి. అందుకే ఈ కొలతలు నాకు నమ్మకంగా ఉన్నాయి: నేల కొంత అటూ ఇటూ అయినా ఇవి తట్టుకుంటాయి. అడ్డ దిశలో కదలిక లెక్కించడానికి మాత్రం ఆ దిశలో బలం, బలయుగ్మం ఎంతో తయారీదారు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. మీ దగ్గరున్న కాగితంలో నిలువు బలాలే ఉన్నాయి.

లోతు 0.9 మీటర్లు మరీ తక్కువ కాదా అని మీ మేస్త్రీ అడగవచ్చు. 0.6 మీటర్లకు పొడవులో ముప్పయ్యో వంతు కలిపినంత మందమైనా ఉండాలన్నది ఇంజనీర్లలో ప్రచారంలో ఉన్న కొలమానం. మీ దిమ్మకు అది 0.73 మీటర్లు. కంప్రెసర్ బోల్టులు 600 మిల్లీమీటర్లు దాటకపోతే 0.9 సరిపోతుంది.

నింపుడు పని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ డిజైను అంతా దాని మీదే నిలబడింది. గొయ్యి దిమ్మ కొలతకే తవ్వితే ప్రయోజనం లేదు. నింపుడు లోతు ఎంతో దిమ్మకు నాలుగు వైపులా అంత అదనంగా వెడల్పు ఉండాలి. దిమ్మ పైభాగం గచ్చు కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే అడుగు 0.6 మీటర్ల లోతులో ఉంటుంది, నింపుడు 1.4 మీటర్లు, కాబట్టి గొయ్యి అడుగున దాదాపు 7 మీటర్లు, 6 మీటర్లు రావాలి. 150 మిల్లీమీటర్ల పొరలు వేసి, చిన్న రోలరుతో, మూలల్లో ప్లేటు వైబ్రేటరుతో కుదించి, ప్రతి పొరకూ సాంద్రత పరీక్ష చేయించి, మాడిఫైడ్ ప్రాక్టర్ సాంద్రతలో (ప్రయోగశాలలో అదే మిశ్రమాన్ని కుదిస్తే వచ్చే గరిష్ఠ సాంద్రత) 98 శాతం వచ్చాకే పై పొరకు వెళ్లాలి. వదులు కంకరో ఇసుకో పోసి నీళ్లు పెట్టి సర్దేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. నల్లరేగడిలో అది చాలా ప్రమాదకరం. నీరు ఇంకని నల్లరేగడి గోడల మధ్య వదులు కంకర ఒక తొట్టి అవుతుంది. చుట్టుపక్కల వాన నీరంతా అందులో చేరి, చుట్టూ ఉన్న మట్టిని లోపలి నుంచి తడుపుతుంది. సిమెంటు కలిపిన, సందులు లేని వెట్‌మిక్సు అడగడానికి కారణం అదే.

పరీక్ష సహజ నేల మీద కాదు, ఈ నింపుడు మీద చేయించండి. ఐ.ఎస్. 5249 ప్రకారం 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, 0.7 మీటర్ల ఎత్తు ఉన్న చిన్న కాంక్రీటు దిమ్మను పోసి, దాని మీద కంపనం పుట్టించే యంత్రాన్ని బిగించి, వేగం మారుస్తూ ఎక్కడ కదలిక అత్యధికమవుతుందో చూస్తారు. అక్కడి నుంచి గుణకం లెక్కించి, మీ దిమ్మ వైశాల్యానికి తగ్గట్టు సవరిస్తారు. వేసవిలో చేయిస్తున్నట్టయితే, గొయ్యి చుట్టూ కొన్ని రోజులు నీరు నిలబెట్టి, ఆ తర్వాత మరొకసారి చేయించమని అడగండి. మీకు కావలసింది తడి నేల అంకె.

ఇంతవరకు చెప్పింది మీ బోరు ఫలితానికి మాత్రమే వర్తిస్తుంది. ఇదే కంప్రెసరును విజయవాడలో, ఏలూరు కాలువకో బందరు కాలువకో దగ్గర పెట్టవలసి వస్తే సమస్య వేరు. అక్కడ కృష్ణా నది ఒండ్రు, కొన్ని చోట్ల తక్కువ లోతులోనే నీరు, దాని కింద ఇసుక పొరలు. వదులు ఇసుక కంపనానికి క్రమంగా సర్దుకుని దిగుతుంది. దిమ్మ లేవడం కాదు, ఒరిగి కుంగడం అక్కడి జబ్బు. కాలువలకు నీరు వదిలాక, కట్టేశాక నీటిమట్టం మారుతుంది కూడా. అలాంటి చోట పైల్ ఫౌండేషన్ గురించి ఆలోచించాలి. ఇక ఆటోనగర్‌లో ఫోర్జింగ్ హామర్ పెట్టేవారికి లెక్క పూర్తిగా వేరు, అది దెబ్బ యంత్రం, దానికి ఐ.ఎస్. 2974లో రెండో భాగం చూడాలి.

కాంక్రీటు విషయానికి వస్తే, ఎం25 గ్రేడు చాలు. దిమ్మ 10.8 ఘనమీటర్లు, అంటే రెండు ట్రాన్సిట్ మిక్సర్ల రెడీమిక్సు. మొత్తం ఒకే దఫాలో పోయాలి, మధ్యలో జాయింటు రాకూడదు. మొదటి బండి ఖాళీ అవుతుండగానే రెండోది గేటు దగ్గర ఉండేలా ప్లాంటు వారితో ముందే మాట్లాడుకోండి. మన ఎండల్లో కాంక్రీటు పోసే సమయానికి దాని ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటకూడదు, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం చల్లబడ్డాక మొదలుపెట్టడం మంచిది. బూడిద కలిసిన పీపీసీ సిమెంటు వాడితే లోపలి వేడి నెమ్మదిగా పుడుతుంది, అందువల్ల పగుళ్ల భయం తగ్గుతుంది. బదులుగా తడి గోనెలతో కనీసం పది రోజులు ఆరనివ్వకుండా తడపాలి.

ఉక్కు ఘనమీటరుకు 25 కిలోలకు తగ్గకూడదు. అది అడుగున మాత్రమే పరిచేది కాదు. పైన, కింద, నాలుగు పక్కలా పంజరంలా అల్లాలి. మీ దిమ్మకు 12 మిల్లీమీటర్ల కడ్డీ 200 మిల్లీమీటర్ల ఎడంలో రెండు దిశలా ఆరు ముఖాల్లో వేస్తే ఘనమీటరుకు 30 కిలోలు దాటుతుంది, అది సరిపోతుంది. బోల్టు పాకెట్ల (బోల్టులు దిగడానికి దిమ్మలో వదిలే గుంతల) చుట్టూ అదనపు కడ్డీలు కట్టించండి, పగుళ్లు మొదలయ్యేది అక్కడే.

మోటారు కూడా ఇదే దిమ్మ మీద ఉండాలి, విడి దిమ్మ వద్దు. ఒకే దిమ్మ మీద ఉంటే బెల్టు లాగుడు దిమ్మ లోపలే తీరిపోతుంది. అయితే మోటారు ఒక పక్కకు ఉంటుంది కాబట్టి మొత్తం గరిమనాభి జరుగుతుంది. దిమ్మ అడుగు కేంద్రానికి, ఉమ్మడి గరిమనాభికి మధ్య ఎడం ఏ దిశలోనూ ఆ దిశ కొలతలో 5 శాతం మించకూడదు. మీకు 3 మీటర్ల దిశలో 150, 4 మీటర్ల దిశలో 200 మిల్లీమీటర్లు. మించితే మిషనును జరపండి, లేదా దిమ్మను ఆ వైపు పొడిగించండి.

బోల్టుల పని డ్రాయింగులో ఒక గీత మాత్రమే, కానీ చివరికి కంపనాన్ని పట్టి ఉంచేవి అవే. ప్లైవుడ్డు లేదా ఇనుప టెంప్లేటుతో పాకెట్లు కచ్చితంగా నిలపాలి. ఫారం తీశాక పాకెట్ లోపలి నునుపైన గోడలను చెక్కి గరుకు చేయాలి. గ్రౌటు (బోల్టుల చుట్టూ, ఫ్రేము కింద ఖాళీ నింపే పలచని సిమెంటు మిశ్రమం) పోసే ముందు రోజు వాటిని నీటితో నింపి ఉంచి, పోసే ముందు నీరంతా తోడి తుడవాలి. అడుగున బురద, నూనె ఏ మాత్రం ఉండకూడదు. ముడుచుకోని గ్రౌటే వాడాలి, ఇసుక సిమెంటు కలిపి కుక్కే పద్ధతి ఈ యంత్రాలకు పనికిరాదు. బేస్ ఫ్రేము కింద గ్రౌటును ఒకే వైపు నుంచి పోసి, ఎదుటి వైపు పూర్తిగా బయటికి వచ్చేదాకా ఆపకూడదు. రెండు వైపుల నుంచి పోస్తే మధ్యలో గాలి చిక్కుకుని ఖాళీ మిగులుతుంది. గ్రౌటు గట్టిపడ్డాకే బోల్టులు చివరిసారి బిగించాలి.

దిమ్మకు, గచ్చుకు, గోడలకు, స్తంభాలకు మధ్య చుట్టూ ఖాళీ వదిలి బిటుమెన్ బోర్డు పెట్టండి. స్తంభం ఫుటింగు దిమ్మను తాకకూడదు. తాకితే కంపనం చాంబరు గోడల దాకా వెళ్తుంది, అక్కడ ఇన్సులేషను జాయింట్లు విడతాయి. దిమ్మ పక్కలను నల్లరేగడితో పూడ్చవద్దు. ఉబ్బని గ్రావెల్ మట్టితో పూడ్చి, గది బయట చుట్టూ కనీసం మీటరున్నర వెడల్పున వాలుగా గచ్చు వేసి, కండెన్సరు తొట్టి పొర్లు నీటిని పైపుతో డ్రెయినులోకి మళ్లించండి. ఈ ఒక్క పని ఖర్చు దిమ్మ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. ఇది చేయని చోట ఎంత మంచి దిమ్మకైనా ఆయుష్షు తగ్గుతుంది.

యంత్రం ఎక్కించాక దిమ్మ నాలుగు మూలలా, బేరింగుల మీద, కంపనాన్ని మీటరుతో కొలిపించి రిజిస్టరులో రాయించండి. వానలు బాగా పడ్డాక, అక్టోబరులో అవే చోట్ల మళ్లీ కొలవండి. రెండింటి మధ్య తేడా పెద్దగా ఉంటే నీరు ఎక్కడి నుంచో లోపలికి వస్తోందని అర్థం, మిషను విప్పకముందు ఆ నీటి దారి వెతకండి.

ప్రస్తుతానికి మీరు చేయవలసినవి రెండే. తయారీదారు నుంచి అడ్డ బలం, బలయుగ్మం అంకెలు తెప్పించుకోవడం, నింపుడు మీద పరీక్ష చేయించడం. గుణకం 8 టన్నుల కంటే తగ్గితే దిమ్మ కొలతలు మొదటి నుంచి మళ్లీ లెక్కించాలి. ఆ అంకె చేతికి వచ్చేదాకా రెడీమిక్సుకు ఆర్డరు ఇవ్వకండి.